ఎదురుగాలిని కనిపెట్టిన విధం

పరికరాలను సరిచూడడం వల్ల మనశ్శాంతి పోవడం తప్ప మరే లాభమూ లేదని అనుభవం మీద మనవి చేస్తున్నాను.

నాది గాలి ఉద్యోగం. అంటే, రాడార్ కిరణాలను ఆకాశంలోకి పంపి, పైన గాలి ఎటు వీస్తోందో నేల మీద కూర్చుని చెప్పడం. ఇంతకన్నా హాయైన కొలువుంటుందా? పైకెళ్ళి చూసొచ్చి కాదనేవాడెవడు?

మొన్నామధ్య రాడార్ కేబుళ్ళు మార్చారు. పని నా పర్యవేక్షణలోనే, అంటే నేను టీ తాగుతుండగానే, జరిగింది. మర్నాటి నుంచి పడమటి నుంచి వీచే గాలి కాస్తా తూర్పు గాలైపోయింది. మరొకడైతే కంగారుపడేవాడు. నేను వ్యాసం రాశాను. ‘అరుదైన ఎదురుగాలి’ అంటూ ఒక సైన్సు పత్రిక నా ఫొటోతో సహా అచ్చేసింది. నెత్తి మీద కిరీటం ఒక్కటే తక్కువ!

అంతలో పారాచూట్ శిక్షకుడు ఫోన్ చేశాడు.

“సార్, మీరు చెప్పిన గాలిని బట్టే దూకించాం. మైదానంలో దిగాల్సినవాళ్ళు కోళ్ళఫారం కప్పు మీద దిగారు. ఒకమ్మాయికి కాలు విరిగింది.”

“దూకడంలో పొరపాటేమో చూసుకోండి” అన్నాను.

మా డైరెక్టరమ్మ ఊరుకోలేదు. బెలూన్‌కి, అదెటు పోతోందో చెప్పే చిన్న పరికరం కట్టి ఎగరేయించింది. రాడార్ ప్రకారం పడమటికి పోవలసిన బెలూన్ తూర్పుకి పోయింది.

“దారి తప్పింది మేడమ్” అన్నాను.

“గాలికి కొట్టుకుపోయేదానికి దారేంటండీ? గాలెటు పోతే అదీ అటే.”

రెండో బెలూనూ తూర్పుకే పోయింది. మొదటిదాన్ని చూసి కాపీ కొట్టుంటుందన్నాను. ఆవిడ నవ్వలేదు.

“ఆ మాట ఆస్పత్రికెళ్ళి ఆ అమ్మాయితో చెప్పండి.”

లేచి రాడార్ దగ్గరికి నడిచాను. చూస్తే, తూర్పు వైపు పంపే కిరణం కేబుల్ పడమటి సాకెట్లో, పడమటిది తూర్పులో ఉన్నాయి. మార్చి బిగించాను. మూడో బెలూనూ రాడారూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పాయి.

ఆస్పత్రికీ వెళ్ళాను. కాలికి కట్టుతో ఉన్న ఆ అమ్మాయి, “పర్లేదంకుల్. ఇంతకీ గాలి ఎటు?” అంది.

“నువ్వు పడ్డ వైపే, తల్లీ” అన్నాను. తల ఎత్తలేకపోయాను.

ఆ రోజే పత్రికకు సవరణ పంపాను: ఎదురుగాలి లేదు, తారుమారైన కేబుళ్ళే ఉన్నాయని. నా ఎదురుగాలిని మారుమాట లేకుండా అచ్చేసిన సంపాదకుడు వెంటనే ఫోన్ చేశాడు.

“ఇంత పెద్ద మాట ఊరికే ఎలా వేస్తామండీ? ఆధారాలు పంపండి, సరిచూడాలి.”