ఎండుమిర్చి మోగించిన కిటికీలు

అమీర్‌పేటలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పదకొండింటికి సంఘం అధ్యక్షుడి ఎన్నిక. ఎలాగైనా గెలిచి తీరాలని మూడో అంతస్తు వీరవెంకటసత్యనారాయణగారు నెల రోజులుగా నిద్ర మానుకున్నారు. ఆయన నినాదం భద్రత. తన కిటికీలన్నిటికీ అలారాలు బిగించి, ఓటర్లను పిలిచి మరీ చూపించారు. కిటికీ జరిపితే చాలు, పంజగుట్ట దాకా వినబడుతుందని ఆయన ధీమా. ఆ పొద్దున వాటిని ఆన్ చేసిన సంగతి భార్య కుసుమకుమారికి చెప్పడం మాత్రం మరిచారు.

తొమ్మిదింటికి ఆవిడ గోంగూర పచ్చడికి ఎండుమిర్చి వేయిస్తుంటే నాలుగు మాడి, పొగ కమ్మేసింది. పాపం, ఎవరైనా చేసే పనే చేశారు. వంటింటి కిటికీ తెరిచారు. అలారం గొల్లుమంది.

సత్యనారాయణగారు పరుగున వచ్చి కోడ్ నొక్కబోయారు. కళ్ళు ధారలు కడుతుంటే అంకెలేం కనబడతాయి? మూడుసార్లు తప్పు నొక్కేసరికి మిగతా కిటికీలూ అందుకున్నాయి. కుసుమకుమారి స్టవ్ ఆపి, సిలిండర్ కట్టేసి, ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని, ఆయన్నీ బయటికి రమ్మన్నారు. ఓటర్లు వింటున్నారే అని ఆయన కదల్లేదు. ఆవిడ వెళ్ళి, లిఫ్టు దగ్గర తోసుకుంటున్న వాళ్ళందర్నీ మెట్ల మీదుగా కిందికి దించారు. మిరపకాయలేనని చెప్పినా ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

ఈలోగా పోటీ అభ్యర్థి సురేందర్ పొగ చూసి ఫైరింజన్‌ని పిలిచాడు. అది రావడం సత్యనారాయణగారు చూశారు. దగ్గుతో గొంతు పెగలక, కిటికీలోంచి సగం బయటికి వంగి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపారు.

"సార్, జర దూకకు. కావాలంటే నేను పోటీల నుంచి తప్పుకుంట," అని సురేందర్ కింది నుంచి బతిమాలాడు.

నిచ్చెన లేచింది. ఒక చేత్తో నోరు, రెండో చేత్తో లుంగీ పట్టుకుని, ఫైర్‌మన్ భుజం మీద కాబోయే అధ్యక్షుడు కిందికి దిగారు.

ఆఫీసర్ హనుమాండ్లు పైకి వెళ్ళి, మాడిన మూకుడు చూసి వచ్చాడు. అందర్నీ దించింది ఎవరని అడిగాడు. జనం కుసుమకుమారిని చూపించారు.

"అలారం మంచిదే సార్. కానీ అది మోగినంక లోపలే ఉంటే ఎట్ల? గీ అమ్మ చేసినట్టు చెయ్యాలె," అన్నాడు.

సురేందర్ అన్నమాట ప్రకారం తప్పుకున్నాడు. సత్యనారాయణగారు ఊపిరి పీల్చుకునేలోపే కుసుమకుమారి పేరు ప్రతిపాదించాడు. ఆవిడ వద్దన్నా ఎవరూ వినలేదు.

లెక్కింపులో సత్యనారాయణగారికి ఒకే ఓటు వచ్చింది. అది ఆవిడ వేసింది. ఆయన ఓటు ఆవిడకే పడింది.