రెండో తొంభైతొమ్మిది ఎవరిది?

"అత్తయ్యగారూ, మీరిప్పుడు పప్పుచారు పోస్తున్నది మామూలు మనిషికి కాదు!" అంటూ మా అల్లుడు చలపతి కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. "నేర ప్రపంచానికి సింహస్వప్నం! చీకటికే చెమటలు పట్టించే మేధావి! బ్రిస్బేన్ మహానగరపు తొలి తెలుగు డిటెక్టివ్!"

"అలాగే బాబూ, కూర్చోండి. చల్లారిపోతుంది" అన్నాను.

కూతురైతే కసురుకునేదాన్ని. అల్లుణ్ణి ఏమంటాం? మా అమ్మాయి జయశ్రీ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతుంది. ఇంట్లో మిగిలేది ఆయనా, నేనూ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి తేదీలు తికమకై ప్రపంచమంతా ఆగిపోతుందని భయపడి ఇక్కడివాళ్ళు చలపతిని హైదరాబాదు నుంచి రప్పించుకున్నారు. సంవత్సరం వచ్చింది. ఏమీ ఆగలేదు, ఆయన ఉద్యోగం తప్ప.

"లిఫ్టులు ఎందుకు ఆగలేదు? విమానాలు ఎందుకు కూలలేదు? నా వల్ల! జరగని ఘోరాన్నే పట్టుకున్నవాడికి జరిగిన నేరం ఒక లెక్కా?"

అంతలో గంట మోగింది. వెనక వీధి వాసుదేవరావు లోపలికి వచ్చి, తనే తలుపు వేసి, కర్టెను కూడా లాగాడు.

"ఘోరం జరిగిందండీ చలపతిగారూ! మా భానుశ్రీకి గిఫ్టెడ్ క్లాసు ఎంట్రన్సు టెస్టులో తొంభైతొమ్మిది వచ్చింది."

"అయ్యో!" అన్నాడు చలపతి.

"అది కాదండీ ఘోరం! అదే టాప్ స్కోరు, అంతకు మించి ఎవరికీ ఇవ్వరు. ఫస్టు ర్యాంకని ఏలూరులో మావాళ్ళందరికీ ఫోన్ చేసేశాను. మా బాబాయి స్వీట్లు కూడా పంచేశాడు. తీరా చూస్తే, ఆ బహదూర్ కూతురు నిదాకీ తొంభైతొమ్మిదేనట!"

"మంచిదే కదా బాబూ" అన్నాను కాఫీ ఇస్తూ.

"ఎలా మంచిది ఆంటీ? ఫస్టు ఇద్దరికెలా వస్తుంది? మొన్న సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్క పరుగుకి రెండు బంగారు పతకాలిచ్చారా?"

చలపతి కళ్ళు మూసుకుని వేళ్ళ కొసలు ఒకదానికొకటి ఆనించాడు. "కాబట్టి ఒకటి అసలు. ఒకటి నకలు."

"కరెక్ట్! పక్కపక్కనే కూర్చుని రాశారు మరి. సాటర్‌డే నాడు స్కూల్లో, సీట్లొచ్చిన పిల్లల పేరెంట్స్‌కి బార్బీ పెట్టారు, ఆరుబయట సాసేజీలు కాలుస్తారు. మీరు ప్రూఫ్ పట్టండి, అక్కడ అందరి ముందూ టీచర్‌కి చెప్పేస్తాను. ఆ పిల్ల సీటు క్యాన్సిల్ చేయాల్సిందే. అప్పటిదాకా దానితో మాట్లాడొద్దని మా ఆవిడ కుసుమ భానుకి చెప్పేసింది కూడా."

ఆ ఇద్దరూ పదేళ్ళ పిల్లలు. రోజూ బడి నుంచి భుజాలు రాసుకుంటూ వచ్చేవాళ్ళు. ఎడబాటు సంగతి ఆ వయసులో తెలియాల్సిన అవసరం ఏముంది? నా వయసు వచ్చేసరికి దానంతటదే తెలుస్తుంది.

మర్నాడు చలపతి రెయిన్‌కోటు తొడిగి, టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టాడు. బయట ఎండ పేలిపోతోంది.

"మారువేషం! నన్ను పోల్చుకోవడం కన్నతల్లి తరం కాదు. ఎవరికీ అనుమానం రాకుండా మీరు పక్కన నడవండి."

సన్నీబ్యాంకు అనే పేటలో బహదూర్‌గారిది పప్పులూ బియ్యం అమ్మే దుకాణం. గుంటూరు మనిషి.

"రండి చలపతిగారూ! కోటేసుకున్నారు, జ్వరమా ఏంటండీ?"

చలపతి ఉలిక్కిపడ్డాడు. "నేనని ఎలా కనిపెట్టారు?"

"పక్కన మీ అత్తగారున్నారు కదండీ."

"చూశారా, ఎంత ప్రమాదకరమైన బుర్రో!" అని చలపతి నా చెవిలో గొణిగాడు. తర్వాత గొంతు బొంగురు చేసి, "కిలో కందిపప్పు ఇవ్వండి. అన్నట్టు, మీ అమ్మాయి ఎక్కడ కూర్చుని చదువుతుంది?" అన్నాడు.

"అదిగోనండీ, ఆ బియ్యం బస్తాల మీదే. వాళ్ళమ్మ మసూదా ఎన్నిసార్లు చెప్పినా దిగదు."

"బస్తాల కింద ఏముంది?"

"ఇంకా బస్తాలండీ."

దొంగిలించిన ప్రశ్నపత్రం అక్కడే ఉంటుందని మా అల్లుడికి తోచింది. అటూ ఇటూ చూసి బస్తాల సందులో దూరాడు. రెయిన్‌కోటు చిక్కుకుంది, బస్తా చిరిగింది, సన్నబియ్యం జలజలా ఆయన టోపీ మీద కురిశాయి. బహదూర్‌గారి భార్య మసూదా పరిగెత్తుకొచ్చింది.

"యా అల్లా! ఏం వెతుకుతున్నారన్నయ్యా?"

"సత్యం!" అంది బియ్యంలోంచి గొంతు.

"ఆ సరుకు మేం తేవట్లేదన్నయ్యా. ముందు బయటికి రండి."

ఆ గొడవలో నిదా నా దగ్గరికి వచ్చింది. "ఆంటీ, ఈజ్ భాను సిక్?"

"లేదమ్మా, బాగానే ఉంది."

"దెన్ వై వోంట్ షి టాక్ టు మీ?"

ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది. నేను వంగి ఒలికిన బియ్యం ఎత్తడం మొదలుపెట్టాను.

శనివారం స్కూలు మైదానమంతా కాలుతున్న ఉల్లిపాయల వాసన. ఒక చివర బహదూర్ కుటుంబం తమ కబాబులు విడిగా కాల్చుకుంటోంది. ఇంకో చివర వాసుదేవరావు కుటుంబం. మధ్యలో మిగతా తల్లిదండ్రులంతా. చలపతి నన్ను డేరా వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ బల్ల మీద టీచర్‌గారి మైకు ఉంది.

"నా ఉచ్చు వినండి అత్తయ్యగారూ. తొంభైతొమ్మిది వచ్చినవాళ్ళు చేతులెత్తండి అంటాను. రెండు చేతులు లేస్తాయి. ఒకటి గర్వంగా, ఒకటి వణుకుతూ. ఆ వణికే చెయ్యి పట్టుకుంటాను!"

"పాపం బహదూర్‌గారు బస్తాలు మోసే మనిషి బాబూ. ఆ చెయ్యి మామూలుగానే వణుకుతుందేమో."

"మీకు డిటెక్షన్ తెలీదు. ఒక్కసారి రిహార్సల్ చేస్తాను, వినండి." మోచెయ్యి బల్లకి ఆనించాడు. ఆ మోచేతి కింద మైకు మీట నొక్కుకుపోయింది. "లేడీస్ అండ్ జెంటిల్‌మెన్! ఇఫ్ యువర్ చైల్డ్ గాట్ నైంటీనైన్, హ్యాండ్స్ అప్!"

మైదానమంతా మారుమోగింది.

నేను డేరా గుడ్డ పక్కకి తీసి చూశాను. చేతులు లేచాయి. పటకార్లున్న చేతులు, రొట్టెలో చుట్టిన సాసేజీలున్న చేతులు, కూల్‌డ్రింకు సీసాలున్న చేతులు. ఒకాయన చంకలో పసిపిల్లని సర్దుకుని మరీ ఎత్తాడు. ఎత్తనివాడు ఒక్కడే. ఆ గడ్డం మనిషి ఎర్రబడిపోయి, "సారీ మేట్, ఆవర్స్ ఈజ్ నైంటీఎయిట్" అన్నాడు. పక్కవాళ్ళు వీపు నిమిరి ఓదారుస్తున్నారు.

చలపతి తల బయటికి పెట్టి చూసి కెవ్వుమన్నాడు. "అందరూ కాపీయే! ఇది అంతర్జాతీయ ముఠా! అత్తయ్యగారూ, గేట్లు మూయించండి!"

వాసుదేవరావు ఎత్తిన చెయ్యి దించకుండానే టీచర్ దగ్గరికి పరిగెత్తాడు. "మేడమ్, హౌ కెన్ ఎవ్రీబడీ బీ ఫస్ట్?"

ఆవిడ నవ్వుతూ చెప్పింది. మాతో వచ్చిన జయశ్రీ నాకు తెలుగు చేసింది. అది అసలు ర్యాంకే కాదట. వందమంది పిల్లల్లో తొంభైతొమ్మిది మందిని దాటారని మాత్రమే దాని అర్థమట. వందకొకరన్నా రాష్ట్రం మొత్తానికి ఎంతమంది ఉంటారు! వాళ్ళని ఏరి ఒకచోట కూర్చోబెట్టేదే ఈ క్లాసు. "ఇక్కడ తొంభైతొమ్మిది అంటే స్కూలు టోపీ లాంటిది, అందరికీ ఉంటుంది" అందట ఆవిడ. పక్కనున్న ఒక తల్లి, వాళ్ళవాడికీ తొంభైతొమ్మిదేననీ, ఏ బూటు ఏ కాలిదో మాత్రం ఇప్పటికీ తెలియదనీ అంది.

ఏరిన మామిడిపళ్ళ బుట్ట ముందు నిలబడి, రెండు పళ్ళు తియ్యగా ఉన్నాయి కాబట్టి ఒకటి దొంగసొత్తు అని గోల పెట్టామన్నమాట.

"కేసు క్లోజ్!" అన్నాడు చలపతి, కోటు దులుపుకుంటూ. "నేరమే జరగలేదని శాస్త్రీయంగా నిరూపించాను. మైకు కూడా నా పథకంలో భాగమే."

"ఏం కేసండీ?" అంటూ బహదూర్‌గారు కబాబుల పళ్ళెం పట్టుకుని వచ్చారు. వాసుదేవరావు ఆయన ముఖంలోకి చూడకుండా ఒకటి తీసుకున్నాడు.

అప్పటికే భానుశ్రీ మైదానం దాటి అవతలి చివరికి వెళ్ళిపోయింది. నిదా ముందు మొహం తిప్పుకుంది. కాసేపటికి బెంచీ మీద కొంచెం జరిగింది.

"భానూ, ఇటు రా!" అని కుసుమ పిలిచింది.

"టెన్ మినిట్స్ అమ్మా!"

కుసుమ ఇంకోసారి నోరు తెరిచింది. చుట్టూ ఉన్న అంతమంది తొంభైతొమ్మిదుల్ని చూసి మూసుకుంది. ఇక మిగిలింది వాసుదేవరావు. ఆయన కబాబు పుల్ల పట్టుకుని నీరసంగా నా దగ్గరికి వచ్చాడు. అటు తలతిప్పితే పిల్లలు కనిపిస్తారు.

"ఆంటీ, మీరు డేరాలోంచి అంతా చూశారు కదా. అందరికన్నా ముందు లేచింది నా చెయ్యే కదండీ?"

"మీదే బాబూ, అనుమానమే లేదు." కుర్చీ లాగి, పిల్లల వైపు ఆయన వీపు వచ్చేటట్టు వేశాను. "మిగతావి ఎంతెంత వెనకబడ్డాయో ఒక్కొక్కటే చెబుతాను. తొందరేముంది, కూర్చోండి."