కంచె కొలిచే అమ్మకు కన్నీళ్లు కావాలట

సినిమా తీయడానికి కథ, కెమెరా కావాలనుకునేవాళ్లు అమాయకులు. కావలసింది కమిటీ! జర్మనీలో నల్లవాళ్లను ఉద్ధరించినవాళ్లెవరని అడిగితే, సినిమాలకు నిధులిచ్చే కమిటీలవాళ్లేనని నేను బల్ల గుద్ది చెబుతాను. వాళ్లు గుర్తు చేయకపోతే, పాపం, నల్లగా పుట్టినవాళ్లు ఏ తోటపనిలోనో పడి ఆ సంగతే మరిచిపోరూ?

ఎఫువా లూడెమన్ మరిచిపోయింది. బ్రెమెన్‌లో పుట్టి పెరిగిన మనిషి. నలభై రెండేళ్లకు మొదటి పెద్ద సినిమా రాసుకుంది. కథానాయిక వాళ్లమ్మ డోర్కాస్. ఘానా నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక ఊరి చివర, జనం తలా ఒక ముక్క అద్దెకు తీసుకుని మొక్కలు పెంచుకునే తోటల సంఘానికి అధ్యక్షురాలైంది. చేతిలో కొలకర్ర. కంచె మొక్కలు నూట పాతిక సెంటీమీటర్లు దాటాయా, నోటీసు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా నిశ్శబ్ద వేళ. అప్పుడెవడైనా గడ్డి కోసే మిషను తిప్పాడా, వాడికి గడ్డి పెట్టడమే. అంతా నవ్వుల కథ. కమిటీ ఊ అంటే తెర మీదికి, ఊహూ అంటే సొరుగులోకి.

కమిటీ అధ్యక్షురాలు హైడ్రున్ గారు కళ్లజోడు తీసి బాధగా చూశారు.

"చాలా బావుందమ్మా. కానీ ఇందులో నల్లదనం ఎక్కడుంది?"

"మా అమ్మ నల్లగానే ఉంటుందండీ. ప్రతి సీన్లోనూ ఉంటుంది."

"అది రంగు. నేనడిగేది అనుభవం. ఆవిడ ఎక్కడా ఏడవదేం?"

"ఒకచోట ఏడుస్తుందండీ. ఉల్లిపాయలు తరుగుతూ."

పక్కనున్న ఎకార్ట్ గారు గొంతు సవరించుకున్నారు. "పోనీ, ఒక డోలు పెడితే? సూర్యాస్తమయం, ఆవిడ దూరంగా చూస్తూ నిలబడుతుంది, వెనకాల డోలు..."

"అటు చూస్తే టైర్ల గోడౌను కనిపిస్తుందండీ."

డోలు దొరక్క కమిటీ మనసు డోలాయమానమైంది. తప్పు వాళ్లదా? హైడ్రున్ గారు ఘానాలో రెండు వారాలు ఉండి వచ్చారు. ఎఫువా ఉన్నది మొత్తం తొమ్మిది రోజులు. ఎవరికెక్కువ తెలుస్తుందో మీరే చెప్పండి! నల్లవాళ్లన్నాక నలగాలి. నలగకుండా నోటీసులిస్తూ తిరిగితే, జర్మన్లే అనుకుని ప్రేక్షకులు కంగారుపడరూ?

అయినా దయతలచి ఒక అవకాశమిచ్చారు.

"మీరు నిజంగా బాధపడిన సందర్భం ఒకటి రాసుకు రండమ్మా. సినిమాకు గాయం కావాలి. నెల రోజుల్లో ఇవ్వకపోతే ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు."

ఎఫువా తిన్నగా తోటకెళ్లింది. డోర్కాస్ ప్లమ్ కేకు కోస్తూ అంతా విన్నది.

"నేనేడవాలా? ఎందుకే?"

"నల్లదానివి కాబట్టట."

"మరి నా కొలకర్ర?"

"నమ్మేలా లేదట. తీసేయమంటారేమో."

డోర్కాస్ కత్తి కింద పెట్టింది. "ముప్పై ఏళ్లు వీళ్ల జ్వరాలు కొలిచాను. పదేళ్లుగా కంచెలు కొలుస్తున్నాను. నమ్మనన్నవాడు ఒక్కడు లేడు. ఇప్పుడు నన్ను కొలవడానికి వాళ్లెవరే?" ఒక ముక్క కూతురి పళ్లెంలో వేసింది. "నిజంగా బాధపడ్డదే కదా రాయమన్నారు. రాసెయ్. ఒక్క మాట మార్చకు."

రాసింది. నాలుగు పేజీలు. ఒక గది, పొడుగాటి బల్ల, కళ్లజోడు తీసి బాధగా చూసే పెద్దావిడ, డోలు అడిగే పెద్దమనిషి. పేర్లు మార్చింది, మాటలు మార్చలేదు.

మూడు వారాలకు జవాబొచ్చింది. గాయం చాలా లోతుగా ఉందట, చదువుతూంటే కమిటీలో ఒకరికి కన్నీళ్లు కూడా వచ్చాయట. గాయం నచ్చింది గానీ సాయం కుదరదన్నారు. ఆ బల్ల వెనక కూర్చున్న పాత్రలు మరీ అతిశయోక్తిగా ఉన్నాయట. అలాంటి మనుషులు ఈ దేశంలో ఉండరని, ఇంకోసారి రాసేముందు రచయిత్రి కొంతకాలం జర్మనీలో గడిపి రావడం మంచిదని ఆప్యాయంగా సలహా ఇచ్చారు.