చేతికి ఉంగరంతో బ్యాటరీ ముట్టరాదు

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున్నే టాక్సీకి కొత్త బ్యాటరీ బిగించేసి, సాయంత్రం ఆరింటి ఓడ దిగేవాళ్లందరినీ ఇళ్లకు చేర్చాలని స్టమాటిస్ ఆలోచన. ఆ దీవికి ఉన్నది అతని టాక్సీ ఒక్కటే మరి.

నిరుడు అతని గడియారం గొలుసు బ్యాటరీకి తగిలి నిప్పులు చిమ్మింది. మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. ఆనాడే భార్య ఎవాంథియా ఒట్టు వేయించుకుంది, ఒంటిమీద లోహం ఉండగా బ్యాటరీ ముట్టనని. అందుకే పెళ్లి ఉంగరం తీసి వంటింట్లో సాసర్లో పెట్టి వెళ్లాడు. మైనస్ తీగ ముందు విప్పాడు, తర్వాత ప్లస్. కొత్త బ్యాటరీ పెట్టి ప్లస్ బిగించాడు. గుడ్డ కోసం లోపలికొస్తే సాసర్ ఖాళీ!

చేతికున్న రబ్బరు తొడుగులు తీయకుండానే పెరడంతా మోకాళ్ల మీద వెతకసాగాడు. పక్కింటి ఫోటిస్ గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏంట్రా ఆ పాకడం? షాక్ కొట్టిందా?"

"ఆఁ, కొట్టింది. నువ్వెళ్లు!"

ఫోటిస్ నేరుగా కాఫీ కొట్టుకే వెళ్లాడు. షాకు అక్కడ మంటలైంది. రొట్టెల బట్టీకి చేరేసరికి స్టమాటిస్ చెయ్యి బొగ్గయిపోయింది. బట్టీలో కొత్త సంవత్సరం కేకు కాల్పించుకుంటున్న ఎవాంథియా ఆ వేడి పళ్లెం గుండెలకు హత్తుకుని, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తింది.

"నా తండ్రీ! చూపించు!" అంటూ తొడుగు లాగేసింది. చెయ్యి భేషుగ్గా ఉంది. వేలే బోసిగా ఉంది.

"ఉంగరమేదయ్యా?"

"సాసర్లో పెట్టానే!"

"అమ్మా, సాసర్లో ఉంగరం చూశావా?"

"ఉంగరమా? నేను చూళ్లేదే," అంది ఎవాంథియా తల్లి కలిరోయి, తన సీసా అడుగు కళ్లద్దాలు సవరించుకుంటూ.

"ఎవత్తెకిచ్చావ్?" అని మొగుణ్ని నిలదీసింది ఎవాంథియా. "చెప్పు! ఆరింటి ఓడకే మా అక్క దగ్గరికి పోతున్నా!"

ఇరవై ఆరేళ్ల కాపురం పెట్టెలోకి సర్దుకుంటోంది. స్టమాటిస్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"కేకు కోయకుండా గడప దాటితే ఏడాదంతా అరిష్టమే," అని అత్తగారు అడ్డం పడింది. అర్ధరాత్రి కోయాల్సిన కేకు సాయంత్రం అయిదింటికే కోశారు. మొదటి ముక్క క్రీస్తుకి, రెండోది ఇంటికి, ఆ పైన అత్తగారికి, స్టమాటిస్‌కి. ఎవాంథియా ముక్క దగ్గర కత్తి టక్కుమంది. కేకు పిండిలో దాచిన నాణెం ఎవరి ముక్కలో దొరికితే ఏడాదంతా వాళ్లదే అదృష్టం. అయితే ఆమె వేళ్లకు అంటుకొచ్చింది ఉంగరం. లోపలివైపు ఆమె పేరే చెక్కి ఉంది.

"పిండిలో వేసేప్పుడే అనుకున్నా, నాణేనికి నడుమ చిల్లేంటా అని," అంది కలిరోయి. "ఈ కాలపు నాణేలు ఇంతే కాబోలు అనుకున్నానమ్మా."

ఎవాంథియా ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ మొగుడి వీపు మీద ఒకటి చరిచింది, తన చేత్తోనే ఉంగరం తొడిగింది. ఇంతలో రేవులో ఓడ కూత! ముగ్గురూ టాక్సీలోకి దూకారు. తాళం తిప్పితే చప్పుడే లేదు.

"మైనస్ తీగ!" అని స్టమాటిస్ నెత్తి కొట్టుకున్నాడు.

దిగి, ఒట్టు గుర్తొచ్చి, ఉంగరం తీసి ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూశాడు. అత్తగారు పరుగున లోపలికి వెళ్లి సాసర్ తెచ్చింది.