చుక్క నీరు కారని పరిశోధన

నీళ్లు ముట్టుకోకుండా నీటి ప్రవాహం మీద పరిశోధన చేసేవాళ్లని చూసి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయ్యలారా, అమ్మలారా! ఈ కాలంలో మనకి దొరికిన గొప్ప వరం ఆ పరిశోధనే. నిజం నీళ్లతో పెట్టుకుంటే ఏమవుతుంది? పైపు కారుతుంది. నేల తడుస్తుంది. ఎవరో ఒకరు జారి నడుం విరగ్గొట్టుకుంటారు. కాగితం మీద నీళ్లు ఎప్పుడైనా ఎవరినైనా పడేశాయా?

ఈ జ్ఞానం నాకు మా మేనకోడలి వల్ల కలిగింది. ద్రవాలు ఎలా పారతాయి, వేడి ఎటునుంచి ఎటు పోతుంది అనే వాటి మీద పీహెచ్‌డీ చేస్తానని ఒక పెద్ద కాలేజీలో చేరింది. అదే కాలేజీ హాస్టల్ లాండ్రీలో వాళ్లమ్మ, అంటే మా అక్క, పని చేస్తుంది. రీసెర్చ్ బిల్డింగుకీ లాండ్రీకీ మధ్య ఒక సందు, అంతే. పై అంతస్తులో కూతురు వేడిని గురించి చదువుతుంది, కింద తల్లి ఆ వేడిలో దుప్పట్లు ఉతుకుతుంది. థియరీ, ప్రాక్టికల్ ఒకే ఇంట్లో ఉన్న ఇలాంటి కుటుంబం ఇంకెక్కడైనా ఉందా?

ఇక గైడు గారు. మహానుభావుడు! ఆయన రాసిన రీసెర్చ్ పేపర్లకి బీరువా చాలదు. అన్నిట్లోనూ ఒకటే పలక. ఆ పలక రబ్బరులా సాగుతూ ఉంటుంది. దాని మీద ఒక ద్రవం పారుతూ ఉంటుంది. మొదటి పేపర్లో ఆ ద్రవంలో రాగి రేణువులు కలిపారు. తర్వాతి దాంట్లో వెండి. బంగారం ధర చూసి జనం నగల షాపు గుమ్మం ఎక్కడానికే జంకుతున్న రోజుల్లో ఆయన ఏకంగా బంగారం రేణువులే కలిపేశారు. పైసా ఖర్చు లేదు! తర్వాత పలకని కాస్త వంచారు, ఇంకో పేపరు. పక్కన అయస్కాంతం పెట్టారు, ఇంకో పేపరు. అయస్కాంతం తీసేస్తే? అదీ పేపరే!

మా పిల్లకి లోకజ్ఞానం తక్కువ. చేరిన కొత్తలోనే నోరు జారింది.

"సార్, ఈ ద్రవం పేరేంటండీ?"

"ద్రవం అమ్మా."

"అంటే, ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఈక్వేషన్లో దొరుకుతుంది. నువ్వు సాల్వ్ చెయ్యి."

పైగా పలక ఎంత పొడుగంటే, దానికి చివర లేదట. చివర ఉంటే అక్కడ ద్రవం కింద పడుతుంది. పడితే తుడవాలి. తుడవడానికి మళ్లీ మా అక్కే రావాలి. చూశారా, ఎంత ముందుచూపో!

ఇలా సుఖంగా సాగిపోతుండగా ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం లాండ్రీలో మా అక్క కళ్లు తిరిగి దుప్పట్ల కుప్ప మీద పడిపోయింది. తోటి ఆడవాళ్లు మోసుకొచ్చి సందులో పడుకోబెట్టారు. మా పిల్ల మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. తల్లి మొహం మీద నీళ్లు చల్లి, ఆమె కళ్లు తెరిచాక, తలెత్తి గోడ కేసి చూసింది. ఆవిరిని బయటికి నెట్టే ఫ్యానూ, గాలి కోసం తెరిచి ఉంచిన కిటికీ పక్కపక్కనే ఉన్నాయి.

మర్నాడు కిటికీ ఊచలకి దారం ముక్కలు కట్టింది. అన్నీ లోపలికే ఎగిరాయి.

"అమ్మా, ఈ ఫ్యాను బయటికి ఊదే ఆవిరంతా మళ్లీ కిటికీలోంచి మీ మీదకే వస్తోందే!"

రేకుల పనివాడిని పిలిపించి, ఫ్యానుకి ఒక రేకు గొట్టం పెట్టించి, దాన్ని కప్పు పైదాకా లేపించింది. అంతే. ఆవిరి ఆకాశానికి, గాలి లోపలికి.

ఆ వారం నేను వాళ్లింటికి వెళితే అక్క కంచం ముందు కూర్చుని ఉంది. "ఒరేయ్ తమ్ముడూ, పనిలో ఉండగా మధ్యాహ్నం పూట ఆకలెయ్యడం ఇన్నేళ్లలో ఇదే మొదలురా" అంది. ఆ మాట చెప్పడానికి ఎందుకో సిగ్గుపడింది కూడా.

మా పిల్ల ఆగొచ్చుగా? ఆగలేదు. గదిలో వేడి ముందెంత, తర్వాతెంత అని కొలిచి, బొమ్మలు గీసి, రీసెర్చ్ కమిటీ ముందు పెట్టింది.

"ఇందులో కొత్తదనం ఏముంది?" అన్నారు గైడు గారు. "వేడి గాలి పైకి పోతుందని ఎవరికి తెలీదమ్మా?"

"అందరికీ తెలిస్తే, మన కిటికీ కిందున్న గదిలో ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెయ్యలేదు సార్?"

"అది మెయింటెనెన్స్ వాళ్ల పని. మన సబ్జెక్టు కాదు."

నేను కమిటీ పక్షమే! మనుషులు చెమటోడ్చే గదికి సైన్సులో చోటిస్తే రేపు బాత్రూం గీజర్లూ, వంటింటి పొగా అన్నీ క్యూ కడతాయి. అప్పుడు పలక గతేమిటి?

ఇంతలో కాలేజీలో అంతర్జాతీయ సదస్సు వచ్చిపడింది. విషయం, వేడిని అదుపు చేయడంలో ఆధునిక పోకడలు. ఎక్కడెక్కడినుంచో అతిథులు వస్తున్నారు. సెమినార్ హాలు కిటికీలోంచి చూస్తే ఎదురుగా రేకు గొట్టం! ఫొటోల్లో పడితే పరువేం కాను? ఊడబీకించారు. గోడ మరీ బోసిగా ఉందని లాండ్రీ కిటికీకి అడ్డంగా సదస్సు బ్యానరు కట్టారు. అక్షరాలు ఎంత అందంగా ఉన్నాయనుకున్నారు!

సదస్సుకి నేనూ వెళ్లాను. గైడు గారు బంగారం రేణువుల దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఏసీ ఆగిపోయింది. వేడి మీద ప్రపంచంలోకెల్లా ఎక్కువ తెలిసినవాళ్లు హాలు నిండా ఉన్నారు. అందరూ తలెత్తి ఏసీ కేసి చూశారు. తర్వాత చేతిలో ఉన్న పేపర్లు మడిచి విసురుకోవడం మొదలుపెట్టారు. ఆ పేపర్లు వేడిని తగ్గిస్తాయని అంతకుముందు నేనూ నమ్మలేదండీ, కళ్లారా చూశాను!

మెకానిక్ పరుగున వచ్చాడు. స్టూలెక్కి రిపేరు చేశాడు. కొత్తదనం ఏముందని అతన్ని ఎవరూ అడగలేదు.

సదస్సు అయ్యాక మా పిల్ల గైడు గారి గదికి వెళ్లింది. "సార్, గొట్టం మళ్లీ పెట్టించండి."

"చూద్దాం. ముందు పేపరు సంగతి చూడు. ఏళ్లు గడిచిపోతున్నాయి."

బ్యానరు విప్పారు గానీ గొట్టం పాత సామాన్ల గదిలోనే ఉంది. మా పిల్ల కొన్నాళ్లు దాని కోసం తిరిగింది. తర్వాత తిరగడం మానేసి పేపరు రాసింది. అందులో ఒక గది. ఆ గదికి గోడలు లేవు, కిటికీ లేదు, లోపల మనుషులు లేరు. బంగారం రేణువులు మాత్రం ఉన్నాయి. వెంటనే అచ్చయింది. గైడు గారి పేరు ముందు, దీని పేరు వెనక. ఇంక డాక్టరేటుకి ఢోకా లేదు!

స్వీట్లు పట్టుకుని వెళ్లాను. అక్క అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో చతికిలబడి, చీర చెంగుతో మెడ తుడుచుకుంటోంది. మా పిల్ల పేపరు తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. దాని మొహంలో నవ్వు లేదు. అక్క అందులోని రంగుల బొమ్మని చాలాసేపు చూసింది.

"ఈ నీలం రంగేంటే?"

"చల్లగా ఉన్నచోటమ్మా."

"గదంతా నీలమే కదే!"

అక్క కాగితం జాగ్రత్తగా మడిచి కూతురి చేతికిచ్చింది.

"ఈ గదిలో బట్టలుతికేవాళ్లు కావాలేమో, మీ సారునడిగి కనుక్కోవే."