ఒళ్ళో దూకిన చేప

వరద చెరువుల గట్లు తెంచి, ఎవరి చేప ఎవరిదో తెలియకుండా చేసిన ఏడాది అది. చేప దొరికినవాడు దాన్ని ఊరిపెద్దకు అప్పగించాలని నక్‌తోంగ్ నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో కట్టడి చేశారు.

ఆ పొద్దున సున్‌రే అనుకున్నది ఒక్కటే, కూతురు ఓక్‌హీ పెళ్ళికి బొంతలు కుట్టడం. మధ్యాహ్నం మొగుడు పాన్‌సోక్ వసారాలో కునుకు తీస్తూ పలవరించాడు. మెలకువలో నోట్లోంచి మాట రాలని మనిషి.

"ఇంత చేప... ఒళ్ళోకే దూకింది. ఎవరికీ చెప్పకండి."

సున్‌రే సూది ఆగిపోయింది. కలలో పెద్ద చేప ఒళ్ళో పడితే, కల ఎవరికొచ్చినా సరే, ఆ ఇంట్లో ఒక ఆడది నెల తప్పినట్టే. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఇద్దరు. తనది మనవలనెత్తుకునే వయసు. ఇక మిగిలింది...

పక్కింటి కప్‌బున్ దగ్గరికి వెళ్ళింది. "నిద్రలో మాట్లాడితే జబ్బా, వదినా?"

"ఏం మాట్లాడాడో చెప్పు, అప్పుడు చూద్దాం."

"ఏదో... పొలం గొడవ."

ఇంటికొచ్చి, బాలింతలకు పెట్టే సముద్రపు నాచు చారు కాచి కూతురి ముందు పెట్టింది. మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"ఈ ఎండలో ఇదేంటమ్మా? వాసనకే కడుపులో తిప్పుతోంది."

సున్‌రే చేతిలో గరిటె జారింది. చారు వాసన గోడ దాటింది. ఆ ఇంట్లో బాలింత లేదు, పెళ్ళికూతురుంది. కప్‌బున్‌కు అంతకంటే అక్కర్లేదు. పొద్దు వాలకముందే కాబోయే వియ్యపురాలు గుమ్మంలో నిలబడింది.

"పెళ్ళి మాట వెనక్కి తీసుకుందామని వచ్చాను, వదినగారూ. కారణం నా నోటితో చెప్పించకండి."

"ఏం కారణం?" అంది ఓక్‌హీ.

"మీ నాన్ననడుగు," అంది సున్‌రే. "చేప కల వచ్చిందీ ఆయనకే, ఎవరికీ చెప్పొద్దన్నదీ ఆయనే. పిల్ల సంగతి ఎప్పట్నుంచి తెలుసయ్యా నీకు?"

పాన్‌సోక్ కూతురి వంక చూశాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. లేచి పెరట్లోకి నడిచి, పెద్ద కిమ్చి పచ్చడి జాడీ మూత తీశాడు.

"కల కాదు," అన్నాడు.

జాడీ నీళ్ళలో చేప తిరుగుతోంది.

"వరదలో కాలవకాడ ఒళ్ళో పడింది. పెళ్ళి విందుకని దాచా."

వియ్యపురాలు వంగి చూసింది. "ఒంటికన్నుది. మా చెరువుదే." మరికాసేపు చేపనే చూసింది. "పిల్లకు ఏ వంకా లేదన్నమాట. దొంగ వియ్యంకుడంటారా, మా మరిదికంటే నయమే. పెళ్ళి జరిపిద్దాం."

మర్నాడు తెల్లవారగానే పాన్‌సోక్ చేపను ఊరిపెద్దకు అప్పగించి వచ్చి, తన పడకను ఎద్దు పాకలోకి మార్చుకున్నాడు. అక్కడ పలవరించినా వినేది ఎద్దే. ఎద్దుకు వియ్యపురాలు లేదు.