నల్లగొండ వంటింట బుడగ పేలిన వైనం

కొండమీది బండలు సైతం పెనములై కాగుచున్న ఒకానొక వేసవి మధ్యాహ్నమున, నల్లగొండ పట్టణ పానగల్లు రోడ్డు పక్క సందులో, పెండ్లియై నలువది దినములైన నిండని దీప్తీదేవి వాకిట కొరియరు బండి ఆగి, “మేడమ్, పార్సల్!” అను శుభవార్త దశదిశల మార్మోగెను!

అందున్నది అరచేయంత పల్సు బోర్డు. బ్యాటరీ కరెంటును ఏకధారగా పంపక, సెకనుకు వేయిమార్లు తుంచి తుంచి నీటిపై విసరునది. ఆ దెబ్బలకు నీరు హైడ్రోజను, ఆక్సిజను వాయువులుగ చీలి బుడగలగునని, ఆ బుడగ అగ్గి తగిలిన పేలునని భౌతికశాస్త్ర పట్టభద్రయగు దీప్తి ప్రతిజ్ఞ.

అయితే పొయ్యిగట్టు సామ్రాజ్ఞి, పోపులపెట్టె పరిపాలనాదక్ష, అత్తగారైన నర్సింగమ్మ ఉదయముననే శాసించియుండెను: “పొద్దుగూకేలోపు గీ వైర్లు ఏదన్న పని చేసి చూపెట్టాలె బిడ్డా. లేకుంటే మూటగట్టి అటక మీద పెట్టు.” గట్టుమూల ఆ వైర్లు పరచిన జానెడు జాగాయే కదా, కొత్త ఇంట దీప్తి తనదనుకొనిన ఏకైక రాజ్యము!

కావున యుద్ధము మొదలయ్యెను. చదివింపులలో వచ్చిన, మేనమామ పేరు చెక్కిన స్టీలు చెంచాలు రెండు, బోర్డు వైర్లు తగిలించుకొని, ఖడ్గములయ్యెను. వానిని పట్టి నిలిచిన సారథి మగడు విజేందరు. ఫ్లోరైడు భయమున ఆ ఇంటివారు అమృతముగ కొలుచు ప్లాంటునీళ్ల క్యాను వంచి, శ్రేష్ఠకార్యమునకు శ్రేష్ఠజలమే తగునని దీప్తి గ్లాసు నింపెను. విజేందరు చెంచాలు నీట ముంచగా స్విచ్చి నొక్కెను. బోర్డుపై ఎర్రలైటు కన్నుగీటెను. నీరు మాత్రము మౌనవ్రతము వీడదాయెను!

“నీళ్లు పండుకున్నయేమో దీప్తీ!”

“నవ్వకు! చెంచాలు జర దూరం పట్టు. తగిలినయంటే బోర్డు పోతది.”

రెండవ గ్లాసూ ఓడెను. మూడవది తొట్లో పారబోయుచుండగా గుమ్మమున నర్సింగమ్మ ఉరిమెను: “ఏమే పిల్లా! తాగే నీళ్లు గట్ల పారబోస్తరా? నీ ఆటలకు బోరు నీళ్లు లేవా?”

దీప్తి శిరమున మెరుపు మెరిసెను. “ఓ అత్తమ్మా! గిన్నెలకు తెల్లపొర పట్టించు బోరుజలమందలి ఉప్పులే కదా కరెంటుకు బాట! ప్లాంటువారు ఉప్పులతోపాటు నా విజయమునూ వడగట్టిరి!”

బోరునీరు నిండెను; బుడగలను పట్టుటకు దానిపై గిన్నెల సబ్బునురగ తేలెను. పల్సులు కురిసెను. చెంచాల చుట్టు తెల్లని బుడగలు సేనలై లేచి, ఆ నురగలో దూరెను. స్విచ్చి ఆర్పి, ఒక్క బుడగను గరిటెపైకెత్తి, దీప్తి అగ్గిపుల్ల చూపెను.

టప్!

శనగగింజంత ఆ ఘోషకు నర్సింగమ్మ “ఓయమ్మో!” అని రెండడుగులు వెనుకకు గెంతి, గుండె పట్టుకొని, ఆపై గరిటెలోనికి తొంగిచూచెను. విజేందరు నవ్వాపుకొనలేక చెంచాలు జారవిడిచెను. జానెడు గట్టు జయింపబడెను!

“వైర్లు తియ్యకు,” అనెను సామ్రాజ్ఞి, కొంగు బిగించుచు. “రేపు పొద్దుగాల ఎదురింటి బాలనర్సమ్మను పిలుస్త. ఆమె చెవు కాడ పేల్చాలె. అగ్గిపుల్ల మాత్రం నేనే గీస్త!”